ఊరు లేని విచారణ: సెంట్రేలియా కొండమీది చర్చి

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, కొలంబియా కౌంటీలో, సెంట్రేలియా అనే బొగ్గుగనుల ఊరు ఉంది. 1890లో అక్కడ 2,761 మంది ఉండేవారు. 7 చర్చిలు, 5 హోటళ్లు, 27 సారా దుకాణాలు, 2 నాటకశాలలు, ఒక బ్యాంకు ఉండేవి. 2020 జనాభా లెక్కల్లో తేలింది 5 మంది. వీధులు వేసిన గళ్లు ఇంకా కనిపిస్తాయి గానీ గళ్ల మధ్య ఇళ్లు లేవు, చెట్లు మొలిచాయి. ఊరికి ఉత్తరాన కొండవాలు మీద మాత్రం తెల్లటి చర్చి, మూడు నీలిరంగు గుమ్మటాలతో, నిక్షేపంలా నిలబడి ఉంది. పేరు మరియమాత మోక్షారోపణ దేవాలయం. ఆదివారం పూజ ఇప్పటికీ జరుగుతుంది.

1962 నుంచి ఊరి కింద బొగ్గు మండుతోంది. ఊరంతా పోయినా ఈ ఒక్క చర్చి ఎలా మిగిలిందని అడిగితే దాదాపు అందరూ చెప్పే జవాబు ఒకటే: దాని కింద బొగ్గు లేదు, గట్టి రాయి ఉంది. అది నిజమే, కానీ చాలని జవాబు. పునాది కింద రాయి ఉంటే భవనం కూలకుండా ఉంటుంది. పూజకు మనుషులు రావడానికి రాయి ఏం చేస్తుంది? పైగా ఇదే ఊళ్లో సెయింట్ ఇగ్నేషియస్ అనే ఇంకో కాథలిక్ చర్చి ఉండేది. ఇంతకంటే 40 ఏళ్లు పాతది, బడి కూడా నడిపింది. దాన్ని 1997లో కూల్చేశారు. ఒకే ఊళ్లో రెండు కాథలిక్ విచారణలు (విచారణ అంటే ఒక గురువు చూసుకునే భక్తుల సంఘం, ఇంగ్లీషులో పారిష్) ఉంటే ఒకటి పోయి ఒకటి ఎందుకు నిలిచిందన్నది అసలు తేల్చాల్సిన సంగతి. దానికి జవాబు చాలావరకు ఆ విచారణలు పుట్టిన తీరులోనే ఉంది.

సెంట్రేలియా కంపెనీ వేసిన ఊరు. లోకస్ట్ మౌంటెన్ కోల్ అండ్ ఐరన్ కంపెనీ 1842లో అక్కడి భూమి కొంది. కంపెనీ ఇంజినీరు అలెగ్జాండర్ రే వీధులు గీశాడు, ప్లాట్లు వేశాడు. 1856లో మొదటి గనులు తెరిచారు. మొదట పెట్టిన సెంటర్‌విల్ అనే పేరుతో అప్పటికే వేరే పోస్టాఫీసు ఉండటంతో 1865లో సెంట్రేలియా అని మార్చారు. మరుసటి ఏడాది బరో, అంటే మన పురపాలక సంఘంలాంటి హోదా, వచ్చింది. ఆ కొండల్లో దొరికేది ఆంత్రసైట్. బొగ్గుల్లో ఇదే గట్టిది, పొగ తక్కువ, వేడి ఎక్కువ. అంటుకోవడానికి మొండికేస్తుంది గానీ ఒకసారి అంటుకుందంటే ఆర్పడం బ్రహ్మతరం కాదు.

మొదట దిగింది ఐర్లాండ్ వాళ్లు. ఆకలి కరువు తరిమితే వచ్చిన కాథలిక్కులు. గనిలో పై పనులు, సూపర్‌వైజర్ ఉద్యోగాలు ఎక్కువగా వేల్స్, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ప్రొటెస్టెంట్ల చేతిలో ఉండేవి. తవ్వి ఎత్తే కూలిపని ఐరిష్‌లది. అంటే కులం మాట లేకపోయినా కులంలాంటి అంతరువు ఉండనే ఉంది. ఈ గొడవల్లోంచి మాలీ మగ్వైర్స్ అనే రహస్య ముఠా పేరు బయటికొచ్చింది. ఊరికి వీధులు గీసిన రేనే 1868 అక్టోబరు 17న బగ్గీలో వెళుతుండగా దారిలో కాల్చి చంపారు. పదేళ్ల తర్వాత, 1878 మార్చి 25న, ఆ హత్య కేసులో ముగ్గురిని బ్లూమ్స్‌బర్గ్‌లో ఉరితీశారు. 1877 నుంచి 1879 వరకు ఆ బొగ్గు ప్రాంతంలో మాలీలన్న ముద్రతో మొత్తం 20 మందిని ఉరితీశారు. పట్టుకున్నది రైల్వే, బొగ్గు కంపెనీ డబ్బుతో పనిచేసిన ప్రైవేటు డిటెక్టివ్‌లు. కోర్టులో వాదించినవాళ్లలో ఆ కంపెనీ అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ గోవెన్ స్వయంగా ఉన్నాడు. ఆ తీర్పుల మీద చరిత్రకారులు ఇప్పటికీ తగువులాడుకుంటున్నారంటే ఆశ్చర్యం లేదు.

రే హత్య జరిగిన మరుసటి ఏడాది, 1869లో, సెయింట్ ఇగ్నేషియస్ విచారణ పుట్టింది. దాని మొదటి గురువు ఫాదర్ డేనియల్ ఇగ్నేషియస్ మెక్‌డెర్మట్. ఆయన పరిస్థితి ఇరకాటమే. పూజకు వచ్చేది గనికార్మికులు, వాళ్లలో ఎవరు ముఠాలో ఉన్నారో చెప్పలేం. పైనున్న మేత్రాణులేమో (బిషప్పులు) రహస్య సంఘాలను గట్టిగా ఖండిస్తున్నారు. గురువు పీఠం మీంచి ముఠాను తిట్టాడనీ, కోపమొచ్చి ముఠావాళ్లు ఆయన్ని కొట్టారనీ, ఆయన ఊరిని శపించాడనీ ఒక కథ ఉంది. ఈ ఊళ్లో ఒకనాటికి సెయింట్ ఇగ్నేషియస్ గుడి తప్ప ఇంకేమీ మిగలదన్నది ఆ శాపం సారాంశం. సెంట్రేలియా గురించి రాసేవాళ్లలో చాలామంది ఈ కథను వదలరు. ఊరు నిజంగానే పోయింది కదా, శాపం ఫలించిందంటారు. ఫలించి ఉంటే మొదట కూలాల్సింది తక్కినవి, నిలవాల్సింది సెయింట్ ఇగ్నేషియస్. జరిగింది తలకిందులు. ఆయన గుడి ఉన్నచోట ఇప్పుడు గడ్డి ఉంది. ఆయన కాలంలో ఊళ్లో అడుగే పెట్టని వాళ్ల గుడి కొండమీద ఉంది.

ఆ తర్వాత వచ్చినవాళ్లు తూర్పు ఐరోపా వాళ్లు. 1870ల చివరి నుంచి కార్పేతియన్ కొండల అంచుల నుంచి, అప్పటి ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యంలోని గలీసియా నుంచి, స్లావ్ రైతుకుటుంబాల మగవాళ్లు గనుల్లో పనికి రావడం మొదలైంది. అప్పట్లో వాళ్లను రుథేనియన్లు అనేవారు. ఇప్పుడు వాళ్ల వారసుల్లో ఎక్కువమంది ఉక్రేనియన్లమనో, రుసిన్లమనో చెప్పుకుంటారు. వీళ్లూ కాథలిక్కులే, పోపుకు విధేయులే. పూజావిధానం మాత్రం రోమన్‌ది కాదు, బిజాంటైన్ పద్ధతి. మనకు కేరళ సీరో మలబార్ సభ తెలుసు కదా, రోముతో ఏకమై ఉంటూనే సొంత పూజాక్రమం, సొంత మేత్రాణులు ఉన్న సభ. ఇదీ అలాంటిదే. 1596 నాటి బ్రెస్ట్ ఒడంబడికతో రోముతో కలిసింది. పీఠానికీ జనానికీ మధ్య పటాలతో నిండిన అడ్డుగోడ ఉంటుంది. సత్ప్రసాదానికి పొంగిన రొట్టె వాడతారు. పసిబిడ్డకు జ్ఞానస్నానంతో పాటే భద్రాభ్యంగనమూ (విశ్వాసాన్ని స్థిరపరిచే తైలాభిషేకం) ఇచ్చేస్తారు. అన్నిటికంటే పెద్ద తేడా, పెళ్లయినవాళ్లు గురువులు కావచ్చు.

ఈ చివరి సంగతే అమెరికాలో చిచ్చు పెట్టింది. సెంట్రేలియాకు దగ్గర్లోనే షెనాండోవా అనే ఇంకో గనుల ఊరు ఉంది. అక్కడివాళ్లు స్వదేశానికి అర్జీ పెట్టుకుంటే 1884లో ఇవాన్ వొల్యాన్‌స్కీ అనే గురువు భార్యతో సహా వచ్చాడు. ఫిలడెల్ఫియా అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) పాట్రిక్ రయన్ ఆయన్ని గుర్తించనన్నాడు. పెళ్లయిన కాథలిక్ గురువు అన్న మాటే అక్కడి ఐరిష్ మూలాల మతపెద్దలకు మింగుడుపడలేదు. వొల్యాన్‌స్కీ వెనక్కి తగ్గలేదు. అమెరికాలో మొదటి గ్రీకు కాథలిక్ (బిజాంటైన్ పద్ధతి పాటించే ఈ కాథలిక్కులకు ఉన్న పేరు) చర్చిని షెనాండోవాలోనే కట్టించాడు. 1886లో పత్రిక నడిపాడు, సహకార దుకాణం పెట్టించాడు, నైట్స్ ఆఫ్ లేబర్ కార్మిక సంఘానికి బాహాటంగా మద్దతిచ్చాడు. 1889లో ఆయన్ని వెనక్కి పిలిపించారు. ఇలాంటి అవమానమే మినియాపొలిస్‌లో ఎదురైన అలెక్సిస్ టోత్ అనే గురువు 1891లో తన విచారణతో సహా ఆర్థడాక్స్ సభలోకి, అంటే పోపు అధికారాన్ని ఒప్పుకోని తూర్పు క్రైస్తవ సభలోకి, వెళ్లిపోయాడు. ఆ దారిన ఇంకా చాలా విచారణలు వెళ్లాయి. సెంట్రేలియాలో కూడా ఆర్థడాక్స్ గుడి, దాని శ్మశానం వెలిశాయి. రోము దిగివచ్చి 1907లో సోటర్ ఓర్టిన్‌స్కీని అమెరికాలోని గ్రీకు కాథలిక్కులకు మొదటి మేత్రాణిగా పంపింది.

అంటే ఈ జనానికి గుడి పైనుంచి దిగిరాలేదు. వాళ్లే కమిటీలు వేసుకున్నారు, జీతాల్లోంచి డాలరో అరడాలరో కూడేశారు, స్థలం కొన్నారు, గురువును పంపమని ఉత్తరాలు రాసుకున్నారు. చాలాచోట్ల గుడి ఆస్తి కాగితాలు కూడా కమిటీల పేరు మీదే ఉండేవి. దాని మీద తర్వాత మేత్రాణులతో కోర్టు కేసులు కూడా నడిచాయి. ఇంత పట్టుదల దేనికంటే, గుడి ఒక్క పూజకోసమే కాదు. 1870 నుంచి ఆంత్రసైట్ గనుల్లో చనిపోయినవాళ్ల సంఖ్య 30 వేలు దాటింది. పెన్సిల్వేనియాలో కార్మికుల నష్టపరిహార చట్టం వచ్చిందే 1915లో. అంతకుముందు గనిలో కప్పు కూలి మనిషి పోతే శవాన్ని ఇంటి వాకిట్లో దింపి పోయేవారు. పెట్టె ఖర్చు, శ్మశానంలో చోటు, విధవకు నాలుగు రూకలు, ఇవన్నీ ఎవరు చూస్తారు? విచారణ చుట్టూ అల్లుకున్న సహాయ సంఘాలే చూసేవి. ఉక్రేనియన్ల అతిపెద్ద బీమా సంఘం 1894 ఫిబ్రవరి 22న సెంట్రేలియాకు పొరుగునే ఉన్న షమోకిన్ అనే గనుల ఊళ్లో పుట్టడం కాకతాళీయం కాదు. దాన్ని పుట్టించినవాళ్లలో గ్రీకు కాథలిక్ గురువులు ఉన్నారు.

ఈ వరసలోనే 1911లో సెంట్రేలియాలో మోక్షారోపణ విచారణ ఏర్పడి కొండవాలున గుడి లేచింది. ఊరి నడిబొడ్డున స్థలాలు ముందొచ్చినవాళ్లవి. ఆలస్యంగా వచ్చినవాళ్లకు దొరికింది ఊరి అంచున, ఎత్తుమీద. ఆ రోజున అది లోపంగానే అనిపించి ఉండాలి. చలికాలంలో మంచులో కొండెక్కి పూజకు రావడం సరదా సంగతి కాదు. కానీ ఆ దూరమే 70 ఏళ్ల తర్వాత అక్కరకొచ్చింది.

మంట కథ చాలామందికి తెలిసిందే, క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 1929 ఆర్థిక మాంద్యంలో లీహై వ్యాలీ కోల్ కంపెనీ ఇక్కడి గనుల్లో ఐదింటిని మూసేసింది. పని పోయినవాళ్లు దొంగచాటుగా దిగి, కప్పు కూలకుండా వదిలిపెట్టిన బొగ్గు పిల్లర్లనే కొట్టుకుని అమ్ముకున్నారు. సింగరేణి ప్రాంతంలో పెరిగినవాళ్లకు పిల్లర్లు తీస్తే పైనేమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. భూమి కింద అలా గుల్లగా మిగిలిన సొరంగాలకు గాలి ఆడే దారులు బోలెడు. 1962 మే నెలాఖరులో, అమరుల స్మారక దినం ముందు ఊరు శుభ్రం చేసే పనిలో, శ్మశానం పక్కన పాత గనిగుంతలో ఉన్న చెత్తకుప్పకు నిప్పు పెట్టారు. ఎక్కువమంది నమ్మే కథనం ఇదే, కాదనేవాళ్లూ ఉన్నారు. గుంతలో పూడ్చకుండా వదిలేసిన కంత గుండా నిప్పు బొగ్గు పొరల్లోకి పాకింది. ఆర్పడానికి తవ్వారు, బూడిద కలిపిన నీళ్లు పంపారు, ప్రతిసారీ డబ్బు ముందు అయిపోయింది, మంట ముందుకు పోయింది. 1979లో ఒక పెట్రోలు బంకు యజమాని తన భూగర్భ ట్యాంకులో థర్మామీటరు దింపితే సుమారు 78 డిగ్రీల సెల్సియస్ చూపించింది. 1981 ఫిబ్రవరి 14న 12 ఏళ్ల పిల్లాడి కాళ్ల కింద నేల కుంగి గొయ్యి పడింది. చెట్టువేరు పట్టుకుని వేలాడుతుంటే బంధువు లాగి కాపాడాడు. గొయ్యి లోతు 150 అడుగులు, లోపలి ఆవిరిలో ప్రాణం తీసేంత కార్బన్ మోనాక్సైడ్.

ఆ తర్వాతి రెండేళ్లు ఊళ్లో మనుషుల మధ్య జరిగిన గొడవ మంటకంటే ఘోరం. మంట కంటికి కనిపించదు. ఒక వీధిలో ఇళ్లకు గ్యాస్ మీటర్లు బిగించారు, అవి మోగితే పిల్లల్ని లేపుకుని బయటికి పరుగెత్తాలి. నాలుగు వీధుల అవతల ఏమీ లేదు, మామూలు ఊరే. అక్కడివాళ్లకు ఇక్కడివాళ్ల భయం అతిగా తోచింది. వెళ్లిపోదామనేవాళ్లు, ఉందామనేవాళ్లు, పోరాడదామనేవాళ్లు వేర్వేరు సంఘాలు పెట్టుకుని ఒకరి మొహం ఒకరు చూడటం మానేశారు. ఒకే పూజకు వెళ్లేవాళ్లు, వియ్యమందినవాళ్లు కూడా అటొకరు ఇటొకరుగా చీలిపోయారు. ఇంకో అనుమానం కూడా ఉండేది. 1950లో బరో తన కింది బొగ్గు హక్కులను సంపాదించుకుంది. ఊరు ఖాళీ అయితే బరో రద్దవుతుంది, హక్కులు రాష్ట్రానికి పోతాయి, ఇదంతా బొగ్గు కాజేయడానికి ఆడుతున్న నాటకం అని కొందరి వాదన. రుజువు లేని వాదనే. కానీ తరతరాలుగా కంపెనీల చేతిలో మోసపోయిన ఊళ్లో అలాంటి అనుమానం పుట్టకపోతేనే వింత.

1983లో వచ్చిన సర్వే మంట 3,700 ఎకరాలకు పాకవచ్చని, వందేళ్లకు పైగా మండవచ్చని తేల్చింది. మొత్తం తవ్వి ఆర్పాలంటే 66 కోట్ల డాలర్ల ఖర్చు. దాని బదులు అమెరికా పార్లమెంటు ఇళ్లు కొని జనాన్ని తరలించడానికి 4.2 కోట్ల డాలర్లు ఇచ్చింది. 1980లో వెయ్యి మందికి పైగా ఉన్న ఊళ్లో 1990 నాటికి మిగిలింది 63 మంది.

సెయింట్ ఇగ్నేషియస్ కథ ఇక్కడే ముగిసిపోయింది. రోమన్ పద్ధతిలో విచారణ అంటే ముందుగా ఒక హద్దు. ఈ వీధి నుంచి ఆ వీధి దాకా ఉన్న కాథలిక్కులు ఈ విచారణ. ఇల్లు మారితే విచారణ మారుతుంది. సెంట్రేలియా నుంచి మౌంట్ కార్మెల్‌కో ఆష్లాండ్‌కో మారిన ఐరిష్ కుటుంబానికి అక్కడా రోమన్ గుడి ఉంది, అదే పూజ, అవే ప్రార్థనలు. పాత గుడి మీద బెంగ ఉంటుంది గానీ పూజకోసం వెనక్కి రావాల్సిన అవసరం ఉండదు. ఇంకోవైపు బొగ్గు ప్రాంతమంతా జనాభా తగ్గి, గురువులు చాలక, మేత్రాణుల పీఠాలే (డయోసీస్‌లు) విచారణలను కలిపేస్తున్న కాలం అది. హద్దులోపల ఇళ్లే లేని విచారణను నిలపడానికి ఏ మేత్రాణి దగ్గరా కారణం ఉండదు. 1997లో భవనాన్ని పడగొట్టారు. మిగిలింది శ్మశానం ఒక్కటే. మంట ఆ గుడి పునాదిని తిందని అనుకునేవాళ్లు ఉన్నారు గానీ దాన్ని నిజంగా పడగొట్టింది ఇళ్ల కొనుగోలు పథకం.

కొండమీది విచారణ సంగతి వేరు. అది మొదటి నుంచీ హద్దుతో నడిచింది కాదు, తెగతో, పూజావిధానంతో నడిచింది. ఉక్రేనియన్ కాథలిక్కులు ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటా అక్కడో ఇల్లు ఇక్కడో ఇల్లుగా ఉండేవాళ్లు. ఊరు వదిలి పోయినవాళ్లకు కొత్త వీధిలో అలాంటి గుడి దొరుకుతుందన్న నమ్మకం లేదు. కాబట్టి కారెక్కి కొండకే వచ్చారు. పూజకు 10 మైళ్లు రావడం వాళ్లకు ఊరు పోయాక మొదలైన అలవాటు కాదు.

అయినా గుడి నిలుస్తుందన్న భరోసా లేదు. 1980ల్లో దాన్నీ ఖాళీ చేయించి కూల్చే ఆలోచన వచ్చింది. అప్పుడు ఫిలడెల్ఫియా ఉక్రేనియన్ కాథలిక్ అగ్రపీఠాధిపతి స్టీఫెన్ సులిక్ భూగర్భ సర్వే చేయించమన్నారు. బోరు వేసి చూస్తే కింద బొగ్గు పొర లేదు, గట్టి రాయి ఉంది. దాంతో గుడి ఉండనిచ్చారు. నిజానికి అందరూ చెప్పుకునే రాయి కథలో గమనించాల్సింది రాయిని కాదు, సర్వే చేయించమన్న ఆ మనిషిని. రాయి 1911లోనూ అక్కడే ఉంది. అడిగేవాళ్లు లేకపోతే అది ఎవరికీ తెలిసేది కాదు. ఊళ్లో మిగతా గుళ్లకు అలా అడిగే పెద్దదిక్కు లేకపోయింది, లేదా అడిగే అవసరం కనిపించలేదు. ఈ సభకు మాత్రం గనుల ప్రాంతంలోని పాత గుళ్లంటే పుట్టిల్లు లాంటివి. అమెరికాలో వాళ్ల చరిత్ర మొదలైందే ఈ కొండల్లో.

1992లో పెన్సిల్వేనియా గవర్నరు బాబ్ కేసీ బలవంతపు భూసేకరణకు ఉత్తర్వు ఇచ్చాడు. మిగిలిన ఇళ్లన్నీ కాగితాల మీద ప్రభుత్వానివయ్యాయి. కొద్దిమంది కదలకుండా కోర్టుకెక్కారు. 2002లో పోస్టల్ శాఖ ఊరి పిన్‌కోడ్‌ను రద్దు చేసింది. 2013లో రాజీ కుదిరింది: ఉన్నవాళ్లు బతికున్నంతకాలం ఉండొచ్చు, ఆ తర్వాత ఇళ్లు ప్రభుత్వానివి. పగుళ్లిచ్చిన పాత హైవే ముక్క మీద రంగుల రాతలు రాయడానికి జనం ఎగబడటంతో 2020లో దాని మీద మట్టి పోసి కప్పేశారు. అలా వచ్చే టూరిస్టులు కొండమీది గుడిని కూడా ఫొటోలు తీసుకుని పోతుండేవాళ్లు. దెయ్యాల ఊళ్లో గుడి అన్న పేరు విచారణవాళ్లకు నచ్చేది కాదు. వాళ్లకది వారంవారం దీపాలు వెలిగించే గుడి.

2015లో ప్రపంచ ఉక్రేనియన్ గ్రీకు కాథలిక్ సభ అధిపతి స్వియతోస్లావ్ షెవ్‌చుక్ ఈ కొండకు వచ్చారు. ఆయన మాట మీద దీన్ని పుణ్యక్షేత్రంగా ప్రకటించారు. 2016 ఆగస్టులో, మరియమాత మోక్షారోపణ పండుగ నెలలో, మొదటి యాత్ర జరిగింది. దూరప్రాంతాల నుంచి జనం బస్సుల్లో వచ్చారు, పటాన్ని ఊరేగించారు. భక్తి మాట అలా ఉంచి చూసినా ఇది తెలివైన నిర్ణయమే. విచారణకు ఇళ్లు కావాలి, పుణ్యక్షేత్రానికి అక్కర్లేదు. ఊళ్లో ఒక్క కుటుంబం లేకపోయినా పుణ్యక్షేత్రం నడుస్తుంది. చుట్టూ ఊరు లేకపోవడం ఇప్పుడు దాని ప్రత్యేకత అయింది.

అలాగని దిగులు తీరిపోలేదు. మంట గుడిని తాకకపోవచ్చు గానీ పొరుగూళ్లు ముసలివైపోతున్నాయి. గనులు మూతపడ్డాక ఆ ప్రాంతంలో చెప్పుకోదగ్గ పని రాలేదు, చదువుకున్న పిల్లలు నగరాలకు వెళ్లిపోయారు. ఈ గుడికి విడిగా గురువు లేరు, పొరుగు విచారణ గురువే ఇక్కడా పూజ చేస్తారు. అమెరికాలోని ఉక్రేనియన్ గుళ్లలో చాలావాటికి పిండివంటలు అమ్మిన డబ్బే పెద్ద ఆసరా. పిరోహీ అనే ఆలుగడ్డ ముద్ద పెట్టిన కుడుములను ఆడవాళ్లు గుడి కిందిగదిలో కూర్చుని వందల కొద్దీ చుట్టి అమ్ముతారు. ఆ చేతులు తగ్గిపోతున్నాయి. గలీసియా నుంచి వచ్చిన తొలి గనికార్మికుల మునిమనవళ్లలో ఎందరు ఆదివారం పొద్దున్నే కారు తీసి ఆ కొండెక్కుతారన్న దాని మీదే పూజ కొనసాగడం ఆధారపడి ఉంది.